లిస్బన్‌లో ‘నువ్వూ రా’

ఆ రోజుకి ఫ్రాంక్లిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్న టిఫిన్ కాగానే క్లారాతో కలిసి హాస్టల్ నుంచి బయలుదేరడం, లిస్బన్ వీధులన్నీ కాలినడకన చూసుకుంటూ సాయంత్రానికి కొండమీది కోట చేరడం, అక్కడ గోడ పక్కన నిలబడి ‘నువ్వంటే నాకిష్టం’ అని చెప్పేయడం. ఈ పథకంలో మూడో మనిషికి చోటు లేదు.

ఇద్దరూ మెల్‌బోర్న్‌లో ఒకే యూనివర్సిటీలో నగర నిర్మాణం చదివేవాళ్లు. ఫ్రాంక్లిన్‌ది చీరాల, క్లారాది నరసాపురం. మెల్‌బోర్న్‌లో చలికాలం సెలవులిస్తే, యూనివాళ్లు మూడు వారాల కోర్సుకని కొంతమందిని ఎండలు కాస్తున్న పోర్చుగల్‌కి తీసుకొచ్చారు. కోర్సు అయిపోయింది. మర్నాడే తిరుగు విమానం. అది దిగీ దిగగానే క్లారా ఉద్యోగానికి పెర్త్ వెళ్లిపోతుంది. పెర్త్ కూడా ఆస్ట్రేలియాలోనే ఉంది కదా అనేవాళ్లు దయచేసి ఒకసారి మ్యాపు చూడండి. రెండేళ్లపాటు యూనికి వెళ్లే క్రెయిగీబర్న్ ట్రైన్‌లో పక్కపక్కనే కూర్చుని చెప్పలేకపోయిన మాట, అంత ఎడారికి ఇవతలి నుంచి ఫోన్లో చెబుతాడా? ఆ రోజు చెబితే చెప్పినట్టు, లేదంటే ఇక లేదు.

మనిషి మంచివాడే. ఒకటే జబ్బు, మొహమాటం. క్రెయిగీబర్న్‌లో నలుగురు కుర్రాళ్లతో కలిసి ఉండే ఇంట్లో, స్నేహితుడి స్నేహితుడెవడో రెండు రోజులుంటానని వస్తే "నా మంచం మీద పడుకో, పర్లేదు" అన్నాడు. ఆ మహానుభావుడు సెమిస్టర్ అయ్యేదాకా లేవలేదు. ఫ్రాంక్లిన్ పరీక్షలన్నీ సోఫాలోనే చదువుకున్నాడు. ఇక ఎక్కడికి బయలుదేరినా సరే, ఎదురుపడినవాడిని ‘నువ్వూ రా’ అనకుండా గడప దాటలేడు. నిజానికి ఆ పిలుపుకి మనలో ఒక పద్ధతుంది. పిలిచేవాడు పిలవాలి, రెండోవాడు ‘అబ్బే, వద్దులే, మీరెళ్లండి’ అనాలి. ఇద్దరి మర్యాదా నిలబడుతుంది, ఎవరి దారిన వాళ్లు పోతారు.

ఈ పద్ధతి బొత్తిగా తెలియనివాడు సంజయ్. కరీంనగర్ కుర్రాడు, అదే కోర్సు, హాస్టల్ గదిలో ఫ్రాంక్లిన్ పైమంచం అతనిదే.

"గింత పొద్దుగాల్నే తయారైనవ్, ఎటు పోతున్నవ్‌రా?" అన్నాడు పైనుంచి తల వేలాడేసి.

"ఊరికే అలా నడుద్దామని... నువ్వూ రా." నోరు దానంతట అదే అనేసింది.

"ఆగు మరి, షూ ఏస్కుంట."

గేటు దగ్గర క్లారా కొత్త డ్రెస్ వేసుకుని నిలబడి ఉంది. ఫ్రాంక్లిన్‌ని చూసి నవ్వింది, వెనక సంజయ్‌ని చూసి నవ్వు తగ్గించింది.

"సంజయ్ కూడానా?"

"అవును, గ్రూప్‌గా వెళ్తే బాగుంటుంది కదా!" అన్నాడు ఫ్రాంక్లిన్. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు, మనకేం తెలుస్తుంది?

ఫోన్‌లో దారి చూసుకునే సదుపాయం అప్పటికే వచ్చింది గానీ, పరాయి దేశంలో డేటా ఆన్ చేయడానికి స్టూడెంట్‌కి గుండె చాలేది కాదు. హాస్టల్‌లో ఇచ్చిన కాగితం మ్యాపే దిక్కు. ఎంత హాయి రోజులవి! తప్పిపోవడానికి కూడా తీరిక ఉండేది. నున్నగా అరిగిన రాళ్లు పరిచిన సందులు, మూల తిరగబోతూ గంట కొట్టే ట్రామ్‌లు, బాల్కనీల నిండా ఆరేసిన దుప్పట్లు, ఏ సందు చివరో అనుకోకుండా కనిపించే నది. ఆ వయసులో ఎంత నడిచినా కాళ్ల నొప్పి తెలిసేది కాదు. ఆ రోజులు మళ్లీ రమ్మన్నా రావు.

పెద్ద కూడలి దగ్గరికి వచ్చేసరికి ఫౌంటెన్ పక్కనుంచి కేక వినిపించింది.

"అమ్మాయ్! మీరు తెలుగువాళ్లేనా?"

చీర, కాళ్లకు స్పోర్ట్స్ షూ, నెత్తిన టోపీ. ఆమె వసంతకుమారి ఆంటీ, పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డది భర్త విలియం అంకుల్. సిడ్నీలో బ్లాక్‌టౌన్ నుంచి చర్చివాళ్లతో కలిసి పోర్చుగల్‌లోని ఫాతిమా మాత క్షేత్రానికి యాత్రకు వచ్చారు. ఆంటీ నిలబెట్టి ఫ్రాంక్లిన్ తండ్రి పేరు, వెళ్లే చర్చి, మేనత్తనిచ్చిన ఊరు రాబట్టింది. మేనత్తనిచ్చింది బాపట్ల, ఆంటీ పుట్టింది బాపట్ల. ఇంకేం, చుట్టరికం కలిసిపోయింది.

"మేం కోట దాకా నడిచి వెళ్తున్నాం ఆంటీ, మీరూ రండి" అన్నాడు ఫ్రాంక్లిన్.

విలియం అంకుల్ పద్ధతి తెలిసిన మనిషి. "వద్దులే బాబూ, మీ పిల్లల మధ్య మేమెందుకు" అన్నాడు. ఫ్రాంక్లిన్ ఊపిరి పీల్చుకున్నాడు.

"మీరూరుకోండి! పిల్లాడు నోరారా పిలుస్తుంటే కాదంటారేంటి? ఇవాళ మనకి ఫ్రీ డేనే కదా" అంది ఆంటీ. "బాబూ, మావాళ్లు కూడా ఉన్నారు, పర్లేదా?"

"అయ్యో, దాందేముంది ఆంటీ!"

ఫౌంటెన్ చుట్టూ కూర్చున్న బ్లాక్‌టౌన్ చర్చి సగం లేచి నిలబడింది.

సందులు ఇరుకు. వెనకవాళ్లు తప్పిపోతారని భయపడి, అంకుల్ చేతిలోని గొడుగు ఫ్రాంక్లిన్‌కిచ్చి, పైకెత్తి పట్టుకుని ముందు నడవమంది ఆంటీ. ఫ్రాంక్లిన్ పట్టుకున్నాడు. ఆ ఊళ్లో గొడుగెత్తి నడిచేవాడు టూరిస్టు గైడని అతనికి తెలియదు. తెలిసినవాళ్లు మాత్రం వీధినిండా ఉన్నారు. వీపుల మీద పెద్ద పెద్ద సంచులున్న కుర్రాళ్లు కొందరు దగ్గరికొచ్చి, ఇది ఇంగ్లిష్ టూరేనా అనడిగారు. కాదు అనడానికి రెండక్షరాలు చాలు. ఆ రెండూ ఫ్రాంక్లిన్ నోట ఏనాడూ పలకలేదు.

"యస్ యస్, ప్లీజ్ కమ్!"

"నువ్వు గైడ్‌వా?" అంది క్లారా.

"అబ్బే, పాపం అంత ఆశగా అడిగారు కదాని..."

క్లారా ఆ గొడుగు వైపోసారి చూసింది. వెనక్కి వెళ్లి ఆంటీ చేతిసంచి అందుకుంది. అక్కణ్ణుంచి మలుపు మలుపుకీ ఎవరో ఒకరు కలుస్తూనే ఉన్నారు. జర్మన్ మొగుడూపెళ్లాలు వచ్చారు, ఐస్‌క్రీమ్ తింటున్న కుటుంబం ఒకటి వచ్చింది. కలిసిన ప్రతివాళ్లూ ఫ్రాంక్లిన్‌కీ క్లారాకీ మధ్యనే చేరారు. అతను మాటిమాటికీ తిరిగి చూస్తే, జనం తలల మీదుగా ఆమె జుట్టు మాత్రం కనిపించేది. ఒక్కసారి పరిగెత్తుకెళ్లి ఆమె పక్కన నడవాలనిపించింది. కానీ గొడుగు ఎటు వెళ్తే జనమూ అటే వస్తారు.

గైడన్నాక ప్రశ్నలు తప్పవు. గోడనిండా నీలం పలకలు అతికించిన ఇల్లొకటి చూపించి, దీని చరిత్రేమిటని అడిగాడు జర్మన్ పెద్దమనిషి. తెలియదంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని, ఒక నావికుడు సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదనీ, భార్య అతని కోసం ఆ కిటికీలోనే కూర్చుని ముసలిదైపోయిందనీ చెప్పాడు ఫ్రాంక్లిన్. చెబుతూ చెబుతూ తనే నమ్మేశాడు. జనం టోపీలు తీసి కిటికీ వైపు చూశారు. కిటికీ తెరుచుకుని ఒక ముసలావిడ బయటికి తొంగి చూసింది. ఐస్‌క్రీమ్ పాప కెవ్వుమంది.

చర్చివాళ్లలో పోర్చుగీసు తెలిసిన గోవా పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆవిడతో మాట్లాడి ఇటు తిరిగాడు. "ఇల్లు ఆమెదేనట. భర్త పళ్ల డాక్టరట. ఎక్కడికీ పోలేదు, లోపల నిద్రపోతున్నాడట. మీరంతా ఎవరని అడుగుతోంది."

ఫ్రాంక్లిన్‌కి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఏమనాలో తోచక, అలవాటు చొప్పున చెయ్యి ఊపి మీరూ రండన్నాడు. ఆవిడ కిటికీ మూసేసింది. హమ్మయ్య అనుకునేలోపు తలుపు తెరుచుకుని, కుక్కని పట్టుకుని కిందికి దిగింది. గుమ్మంలో మొరాయిస్తున్న కుక్కని కూడా ‘నువ్వూ రా’ అని బుజ్జగించి పిలిచాడు ఫ్రాంక్లిన్.

ఎండ నెత్తికెక్కింది. నగర నిర్మాణంలో హై డిస్టింక్షన్ తెచ్చుకున్న కుర్రాడు దారి తప్పాడు. ఎక్కిన మెట్లే ఎక్కించి, దిగిన సందే దింపించి, చివరికి అందరినీ తీసుకెళ్లి మూడు వైపులా గోడలున్న ఒక వాకిట్లో నిలబెట్టాడు. ముందుకి దారి లేదు.

"కోటేది?" అన్నారు సంచుల కుర్రాళ్లు. "నువ్వసలు ఏం గైడువి?" అన్నాడు జర్మన్. ఫ్రాంక్లిన్ మ్యాపుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"చెప్పెయ్‌రా బై, నిజం చెప్పెయ్" అన్నాడు సంజయ్ మెట్టుమీద కూలబడి. "నాతోని గాదిగ, కాళ్లు గుంజుతున్నయ్."

ఫ్రాంక్లిన్‌కి ఏడుపొక్కటే తక్కువ. "నేను గైడ్‌ని కాదు" అన్నాడు ఇంగ్లిష్‌లో. "ఈ ఊరు నాకు తెలీదు. నేను ఆ అమ్మాయి ఒక్కదాన్నే తీసుకొద్దామనుకున్నాను. రేపు వెళ్లిపోతుంది." గొడుగు అందరికంటే వెనకున్న క్లారా వైపు తిరిగింది. జనం కూడా తిరిగారు.

"ఓరి పిచ్చి సన్నాసీ!" అంది వసంతకుమారి ఆంటీ. "పొద్దున్నే ఈ ముక్క చెప్పుంటే మేం ఫౌంటెన్ దగ్గరే కూర్చునేవాళ్లం కదరా!"

"ఎలా చెప్తాను ఆంటీ, మీరేమనుకుంటారో అని..."

"నేను వద్దనే అన్నాను" అన్నాడు విలియం అంకుల్ మెల్లగా. ఎవరూ వినిపించుకోలేదు.

జనం పక్కకి తప్పుకున్నారు. క్లారా నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నిన్న భోజనాల దగ్గర ‘కోటకెళ్తున్నా, నువ్వూ రా’ అన్నావు. సంజయ్‌ని ఎలా పిలుస్తావో అలాగే పిలిచావు. నన్నూ మొహమాటానికే పిలిచావేమో, వద్దులే అనాలేమో అని నిద్ర కూడా పట్టలేదు తెలుసా? సరే, సిగ్గు వదిలేసి వచ్చా. వస్తే గేటు దగ్గర గ్రూప్ అన్నావు."

"నిన్ను నిజంగానే పిలిచాను క్లారా."

"నాకెలా తెలుస్తుంది? ఇందాక కుక్కని కూడా అలాగే పిలిచావు!"

ఫ్రాంక్లిన్ నోరు తెరిచాడు. రెండేళ్లుగా దాచుకున్న మాట గొంతుదాకా వచ్చి, ఇంతమందిని చూసి, ఇంకోసారి వస్తానని వెనక్కి వెళ్లిపోయింది. క్లారా కాసేపు చూసింది. ఇక ఇతనితో అయ్యే పని కాదని అర్థమైంది.

"నువ్వు అడగవు. నేనే అడుగుతున్నా. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"చేసుకుంటా!" అన్నాడు ఫ్రాంక్లిన్, ఆమె మాట పూర్తి కాకముందే.

వాకిలంతా చప్పట్లు మోగాయి. ముసలావిడ కళ్లు తుడుచుకుంది. ఆంటీ "మరియ తల్లీ!" అని అక్కడికక్కడే ప్రార్థన మొదలుపెట్టింది. కోట ఆ రోజు ఎవరూ చూడలేదు, అడగనూ లేదు. ఆ గోలలో క్లారా కూడా నవ్వబోయింది గానీ, ఏదో అనుమానం వచ్చి నవ్వు మధ్యలోనే ఆపి ఫ్రాంక్లిన్ మొహంలోకి తేరిపార చూసింది.

ఇప్పుడు వాళ్లుండేది పెర్త్‌లో. పెళ్లయి ఇన్నేళ్లయినా, ఆ ‘చేసుకుంటా’ మొహమాటానికి అన్నది కాదని ఫ్రాంక్లిన్ ఇంకా రుజువులు చూపించుకుంటూనే ఉన్నాడు.