జాబితాలో లేని నొప్పి

కంప్యూటరులో లేని నొప్పి మనిషికి ఉండటానికి వీల్లేదు. నందిగామలోని ఒకానొక ప్రైవేటు ఆసుపత్రి ఓపీ కౌంటరు మానవజాతికి ప్రసాదించిన సిద్ధాంతమిది. పెనుగంచిప్రోలు కోడలు కృష్ణప్రియ ఆ సంగతి తెలియక, పెళ్లయిన ఆరో నెలలో, నొప్పితో సహా అక్కడికి వెళ్లింది.

"ఏం ప్రాబ్లమండీ?" అన్నాడు కౌంటరులోని రాంబాబు, వరుసలో చివరి మనిషికి కూడా అన్యాయం జరగకూడదన్నంత గట్టిగా.

భర్తతో కలిసినప్పుడు నొప్పిగా ఉంటోందని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. రాంబాబు చెడ్డవాడు కాదు. మౌసుతో పైకీ కిందికీ నిజంగానే వెతికాడు.

"తలనొప్పుంది, పంటినొప్పుంది, నడుంనొప్పుంది. మీరన్నది లేదండి. ఏదో ఒకటి సెలెక్టు చెయ్యందే చీటీ రాదు."

కృష్ణప్రియ నడుంనొప్పి ఎంచుకుంది. (ఉన్నవాటిలో అదే కాస్త దగ్గర్లో ఉంది.)

నడుంనొప్పికి ఎక్స్‌రే తీశారు. మరో వారం కడుపునొప్పి కింద వెళితే స్కానింగు తీశారు. అంతా నార్మల్ అని వచ్చింది. అత్తగారు ప్రమీలారాణి ఆ రిపోర్టును దేవుడి గూట్లో భద్రపరిచి, "నార్మలంటే నొప్పి లేనట్టేగా! మేం చెయ్యలేదా కాపురాలు? కళ్లు మూసుకుంటే అదే అయిపోద్ది," అని తీర్పు చెప్పింది. అప్పట్నుంచి కృష్ణప్రియకు నొప్పి వచ్చినా అది చెల్లేది కాదు. పక్క ఎక్కాలంటేనే బెదురు పట్టుకునేది. భర్త వెంకట్ అంటే ఆమెకి ఇష్టం. ఈ బెదురులో పడి ఆ ఇష్టం ఎక్కడ చచ్చిపోతుందోనన్నదే ఆమె దిగులు.

వెంకట్ కూడా దుర్మార్గుడేమీ కాదు. పంపుసెట్ల రైతుల వాట్సాప్ గ్రూపులో సభ్యుడు, అంతే. మిరపతోటకి త్రీఫేజు కరెంటు తెల్లవారుజామున ఏ క్షణాన వస్తుందో లైన్‌మన్‌కే తెలీదు. 'వచ్చింది' అని మెసేజి పడగానే మోటారు దగ్గరుండాలి. కనుక సదరు దాంపత్యం మెసేజి రాకముందే ముగిసిపోవాలని ఆ ఇంట్లో ఒక రాయని జీవో అమల్లో ఉంది. (సవరణలకు అవకాశం లేదు.)

మూడోసారి కృష్ణప్రియ ఏ నొప్పీ చెప్పలేదు. లేడీ డాక్టరు కావాలని మొండికేసింది. డాక్టర్ ఫ్లోరెన్స్ నెమ్మదిగా పరీక్ష చేసి, ఏ కంప్యూటరూ అడగని ప్రశ్న అడిగింది.

"ఆ టైముకి నీకు ఇష్టంగా ఉంటోందామ్మా, ఎప్పుడైపోతుందా అని ఉంటోందా?"

కృష్ణప్రియకు ఏడుపొచ్చింది. డాక్టరు బయట కూర్చున్న వెంకట్‌ని లోపలికి పిలిపించింది.

"ఈమెకి జబ్బేం లేదు, కానీ నొప్పి నిజం. ఆడమనిషికి కోరిక కలగడానికి టైము పడుతుంది బాబూ. కలిగితే లోపల తడి ఊరుతుంది, కండరాలు వదులవుతాయి. భయమూ తొందరా ఉంటే బిగుసుకుంటాయి. అప్పుడు నొప్పి. ఆ నొప్పికి జడిసి మర్నాడు ఇంకా బిగుస్తాయి. కబుర్లు చెప్పు, దగ్గరికి తీసుకో, ఆమెకి ఇష్టమైతేనే ముందుకెళ్లు. అయినా తగ్గకపోతే మళ్లీ రండి, చూద్దాం."

వెంకట్ శ్రద్ధగా విన్నాడు. "టాబ్లెట్లు తినకముందా, తిన్నాకా మేడం?"

"టాబ్లెట్లు లేవయ్యా."

వెంకట్ ఖాళీ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. మందు రాయని చీటీ మీద అతనికి గురి కుదరలేదు.

ఇంటికి వెళ్తూ దారిలో తోట దగ్గర బండి ఆపాడు. పంపులో నీళ్లు దిగిపోయాయి. బిందెతో నిదానంగా నీళ్లు పోశాడు, ఆగాడు, చెవిపెట్టి విన్నాడు, మళ్లీ పోశాడు.

"అంతసేపు ఎందుకండీ?" అంది గట్టు మీద కూర్చున్న కృష్ణప్రియ.

"తొందరపడితే ఎట్టా? గాలంతా పోవాల, పంపు నిండాల. ఊరికే వేస్తే మోటారు కాలిపోద్ది."

"దాని దగ్గరున్న ఓపిక నా దగ్గరెందుకు లేదు మీకు? నాకు కాలితే పొగ రాదనేగా?"

వెంకట్ బిందె కింద పెట్టేశాడు.

మర్నాడు తెల్లవారుజామున ఫోను స్విచ్ఛాఫ్‌లో ఉంది. ఇద్దరూ తీరిగ్గా కబుర్లు చెప్పుకున్నారు. పెళ్లిచూపులకు వస్తూ పరిటాల దగ్గర బండి పంచరైతే, అతను చెమటలకి పౌడరు కారిపోతుంటే దిగిన సంగతి గుర్తొచ్చి ఆమె పడీపడీ నవ్వింది. ఆ రోజు నొప్పి రాలేదు. రాకపోవడమే కాదు, ఆమెకి బాగుంది.

ఈలోగా గ్రూపులో మెసేజి పడింది. కరెంటు వచ్చింది, పోయింది కూడా. తోట తడవలేదు. పొద్దున్నే ప్రమీలారాణి వరండాలో విచారణ సంఘం వేసింది. సాక్షి పక్కచేను బుల్లిబాబు.

"మోటారెయ్యలేదేంట్రా?"

వెంకట్ బుర్రలోని జాబితా అంతా పైకీ కిందికీ వెతికాడు. అసలు కారణం అందులో లేదు.

"నడుంనొప్పమ్మా," అన్నాడు.

విచారణ అక్కడికక్కడే రద్దయింది. ప్రమీలారాణి లబలబలాడుతూ కాపడానికి నీళ్లు కాచింది. బుల్లిబాబు నొప్పుల నూనెకి పరిగెత్తాడు. కృష్ణప్రియ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. రిపోర్టు ఎవరూ అడగలేదు.