హాజరు బేరం

ఆ శుక్రవారానికి సత్యవతి వేసుకున్న పథకం చాలా చిన్నది. రేవులో చేపల వేలంపాట ముగియగానే హంసలదీవి నుంచి బస్సెక్కాలి. బందరు కోర్టు దగ్గర లాయరు మార్కండేయులు చేతిలో కాగితం పెట్టాలి. ఆయన చెప్పేది విని మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికి చేరాలి.

ఆ కాగితం ఆవిడ మనవరాలు రోజాకి గుడివాడ దగ్గరి మెడికల్ కాలేజీ వాళ్ళు ఇచ్చిన నోటీసు. రోజాకి అది రెండో సంవత్సరం. రెండు వందల పనిదినాల్లో నూట నలభై రోజులే, అంటే డెబ్బై శాతమే హాజరైందని, ఉండవలసింది డెబ్బై అయిదని అందులో రాశారు. కిందటేడు హెచ్చరించినా మారలేదు గనుక కాలేజీ నుంచి పేరు ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమన్నారు. శనివారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, సోమవారం పదకొండింటికి పెద్దవాళ్ళతో విచారణకి రావాలి. రోజా తండ్రి మోహన్ బోటు మీద వేటకి పోయాడు, గురువారం దాకా రాడు. తల్లి రజని ఇలాంటి కాగితం చూస్తే అన్నం మానేస్తుంది. కనుక సత్యవతే బయల్దేరింది.

మార్కండేయులు నోటీసు రెండుసార్లు చదివాడు.

"సరే మామ్మగారూ, ఈ అరవై రోజులూ పిల్ల ఎక్కడుంది?"

"ఎక్కడుంటది? ఇంట్లోనే."

"ఎందుకని?"

"నేను రమ్మన్నాను."

"మీరా!"

"వాయుగుండమన్నారు. రేవులో మూడో నంబరు తుఫాను జెండా ఎగరేశారు. రమ్మన్నాను. ఊరికే రమ్మంటానా ఏంటి? ఒకటో నంబరుకైతే ఫోను మాత్రమే చేస్తాను."

మార్కండేయులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గాలి లేచినప్పుడు తనవాళ్ళందరి తలలూ ఒక్క గదిలో కనపడకపోతే సత్యవతికి ఊపిరాడదు. ఆవిడ పదిహేడో ఏట, ఇలాంటి గాలిలోనే, చెల్లెలు రేపు వచ్చేస్తానని చెప్పి పక్క ఊరు వెళ్ళింది. ఆ రేపు ఇంకా రాలేదు. కానీ ఇదంతా లాయర్లకి చెప్పుకునే సంగతి కాదు.

"ఉన్నది ఉన్నట్టే రాద్దాం," అన్నాడాయన. "సముద్రం పక్క ఇల్లు, తుఫాను హెచ్చరికలు, పెద్దావిడ భయం. తక్కువైంది అయిదు శాతమే, క్షమించమని అడుగుదాం. తేదీలన్నీ మా గుమాస్తాకి చెప్పండి." అంతలో ఆయన కేసు పిలిచారు. నోటీసు ఉన్న ఫైలు చంకన పెట్టుకుని కోర్టులోకి పరుగెత్తాడు.

గుమాస్తా అంకమ్మరావు తేదీలన్నీ శ్రద్ధగా కొట్టి, ఒకచోట ఆగాడు.

"మొత్తం హాజరు ఎంత శాతం వెయ్యమంటారు, అక్కగారూ?"

సత్యవతి మనసులో లెక్క కట్టింది. నలభై ఏళ్ళుగా ఆవిడ రేవులో వేలంలో చేపలు పాడుకుంటోంది. అవతలివాడు అడిగిన అంకెకి దగ్గరలో మొదలుపెట్టినవాళ్ళెవరూ గంపతో ఇంటికి వెళ్ళడం ఆవిడ చూడలేదు. వాళ్ళు డెబ్బై అయిదంటున్నారు. మనం డెబ్బై అని ఉన్న మాట చెప్పేస్తే డెబ్బై మూడు దగ్గర బేరం తెగుతుంది, ఆ మూడూ ఎక్కణ్ణుంచి తేవాలి? యాభై అంటే వాళ్ళు కంగారుపడి దిగుతారు. అరవై రెండు దగ్గర తెగుతుంది. ఎనిమిది మన దగ్గరే మిగులుతాయి. మళ్ళీ వాయుగుండం వస్తే వాడుకోవచ్చు.

"యాభై అని వెయ్యి, తమ్ముడూ."

"యాభయ్యేనాండీ?"

"ముందు యాభై. తర్వాత సంగతి తర్వాత."

పార్టీ చెప్పింది కొట్టడమే గాని ఎదురు ప్రశ్న వెయ్యడం అంకమ్మరావు ఉద్యోగంలో లేదు. యాభై అని కొట్టి, సత్యవతి చేత సంతకం పెట్టించాడు. కోర్టు వరండాలో మార్కండేయులు ఎవరితోనో వాదిస్తూ, గోడకి ఆనించి పదిహేను కాగితాల మీద సంతకాలు పెట్టాడు. వాటిలో ఇదొకటి. నాలుగింటికల్లా అది కాలేజీకి మెయిల్లో చేరిపోయింది.

సోమవారం పొద్దున సత్యవతి బందరులో గుడివాడ బస్సెక్కింది. లాయరుది పెడన, ఆయన అక్కడ ఎక్కాడు. గుడ్లవల్లేరు వస్తుండగా నింపాదిగా ఫైలు తీసి, సంజాయిషీ నకలు చదివి, అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"మామ్మగారూ! ఈ యాభై ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"నేనే చెప్పాను."

"డెబ్బై అని వాళ్ళే నోటీసులో రాశారు కదండీ!"

"రాస్తారు. అది వాళ్ళు చెప్పే ధర."

"ధర కాదండీ తల్లీ, హాజరు!"

"ఏదైనా మొదటి మాట మీద తెగదు బాబూ. నువ్వు కోర్టులో చూసుకో, ఇది నాకు వదిలెయ్యి."

ముందు సీట్లో కూర్చున్నాయన ఇంక ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. "ఎకరం ఎంత చెప్తున్నారండీ?"

"మీరు ముందుకి చూడండి!" అని మార్కండేయులు కసిరాడు. తర్వాత గొంతు తగ్గించి బతిమాలాడు. "లాయర్లని విచారణ గదిలోకి రానివ్వరు మామ్మగారూ. లోపలికెళ్ళి 'పొరపాటైంది' అని ఒక్క మాట చెప్పండి. ఇంకేమీ మాట్లాడకండి. పిల్ల డాక్టరవడం ఆ ఒక్క మాట మీదుంది."

కాలేజీ గేటు దగ్గర రోజా తెల్లకోటుతో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాయనమ్మా, ఏం రాసిచ్చావే? పొద్దుట్నుంచీ వార్డెన్ నన్ను దొంగని చూసినట్టు చూస్తోంది."

విచారణ గదిలో డీన్ మాధవీలత గారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. మార్కండేయులు బయట వరండాలో, కిటికీ కిందున్న బల్ల మీద కూలబడ్డాడు.

"మా వేలిముద్రల మెషిను నూట నలభై రోజులంటోంది," అన్నారు డీన్. "సరిగ్గా సగమే వచ్చిందని మీరు సంతకం పెట్టి చెప్తున్నారు. అంటే వంద రోజులు. మిగతా నలభై రోజులూ మెషిను మీద వేలు పెట్టిందెవరండీ?"

డీన్ ముఖంలో కంగారు చూసి సత్యవతికి ధైర్యం వచ్చింది. రేవులో ఇలాంటి ముఖం కనిపించిందంటే బేరం కుదురుతున్నట్టే. లాయరు చెప్పిన మాట గుర్తుంది. కానీ అవతలివాళ్ళు ఇంకా ఒక్క మెట్టైనా దిగకముందే పొరపాటని ఎవరంటారు?

"పోనీ, యాభై అయిదు," అంది.

కిటికీ బయట ఎవరో మూలిగిన చప్పుడైంది.

"యాభై అయిదేంటండీ?"

"అరవై. ఇంక ఎక్కను."

"ఎక్కడం ఏంటమ్మా! మీరు నిమిషానికో లెక్క చెప్తున్నారంటే ఎవర్నో కాపాడుతున్నారన్నమాట. ఇది హాజరు తక్కువైన కేసు కాదు, దొంగహాజరు కేసు! వార్డెన్‌ని పిలవండి!"

మెషిను ఉన్నది హాస్టలు గుమ్మంలో. అక్కడ ఏం జరిగినా జవాబుదారీ వార్డెన్ అమ్మాజీ. ఆవిడ పమిట దోపుకుని వచ్చింది. ఆవిడ వెనకే రోజా గదిలో ఉండే ఇద్దరమ్మాయిలు వచ్చారు. రోజా వేలు తామెప్పుడూ పెట్టలేదని వాళ్ళు ఏడిచారు. వాళ్ళని చూసి రోజా ఏడిచింది. మధ్యలో సత్యవతి "అరవై రెండు, ఇంక తెంచెయ్యండమ్మా" అంది. ఆవిడకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టమని డీన్ పురమాయించారు.

చివరికి ఏడాది పొడుగునా రోజువారీగా ఎవరు వేలు పెట్టారో ఆ జాబితా అంతా అచ్చు తీయించారు. డీన్ ఒక్కొక్క తేదీ చదువుతూ, ఒక నవంబరు రోజు దగ్గర ఆగారు.

"ఈ రోజు రోజా లేదు. హాస్టల్లో మిగతా అందరూ హాజరు. మరి మిగతా రోజుల్లో ఈ పిల్ల బదులు ఎవరు పెట్టారో నీకు తెలియదంటావా అమ్మాజీ? నువ్వు గుమ్మంలో ఉండి ఏం చేస్తున్నావు?"

అమ్మాజీకి అప్పటిదాకా ఆపుకున్న కోపం పొంగింది. "నన్నంటారేంటి మేడమ్? ఆ రోజసలు పాఠం చెప్పిందెవరు? గాలివానకి కలెక్టరు గారు జిల్లా అంతా సెలవిచ్చారు. మీరూ రాలేదు, ప్రొఫెసర్లూ రాలేదు. టిఫినుకి కిందకి దిగిన పిల్లలు అలవాటుకొద్దీ వేలు పెట్టారు, మీ మెషిను కాలేజీ నడిచిందని రాసుకుంది!"

కిటికీ చువ్వల మధ్య మార్కండేయులు తల లేచింది.

"మేడమ్, అలాంటి సెలవులు ఎన్నున్నాయండీ?"

"లాయర్లు మాట్లాడకూడదండీ."

"మాట్లాడట్లేదండీ, అడుగుతున్నాను."

లెక్క తీస్తే పధ్నాలుగు తేలాయి. మూడో నంబరు ఎగరేసిన రోజులకే కలెక్టరు సెలవులిచ్చాడు. అవే రోజుల్లో సత్యవతి రోజాని ఇంటికి పిలిచింది, గాలి పూర్తిగా తగ్గిందని నమ్మేదాకా తిరిగి పంపలేదు; మిగతా నలభై ఆరు నాగాలూ అలా పడ్డవే. ఆ పధ్నాలుగూ పనిదినాలు కావు. వాటిని తీసేస్తే నూట ఎనభై ఆరు రోజులకి నూట నలభై. డీన్ ఫోన్లో భాగించారు. మార్కండేయులు కిటికీ బయట వేళ్ళ మీద భాగించాడు. ఇద్దరికీ డెబ్బై అయిదు మీద పావు వచ్చింది.

"అరవై రెండన్నానుగా, మళ్ళీ డెబ్బై అయిదంటారేంటి?" అని సత్యవతి లేచింది.

"నాయనమ్మా, నీకు దణ్ణం పెడతాను, కూర్చో!" అంది రోజా.

డీన్ నోటీసు రద్దు చేశారు. యాభై సంగతి ఏం చెయ్యాలో తెలియక, పెద్దావిడ వయసు దృష్ట్యా వదిలేస్తున్నామని రాయించారు. ఆఖర్న ఇంకో కాగితం ముందుకి జరిపారు. పరీక్షలయ్యేదాకా, ఏ నంబరు ఎగరేసినా సరే, మనవరాలిని ఇంటికి పిలవనని పూచీకత్తు.

సత్యవతి ఆ కాగితం ఒక్కొక్క అక్షరం చదివింది. పరీక్షలు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. పిల్ల పేరు ఉంచడానికి పోట్లాడిందే గాని, పేరు ఉండటమంటే పిల్ల ఇక్కడ ఉండిపోవడమని ఆవిడకి ఇంతవరకూ తట్టలేదు.

"నాలుగు నెలలకి తెంచండమ్మా," అంది సన్నగా.

డీన్ తల అడ్డంగా ఊపారు. కిటికీలోంచి మార్కండేయులు ముఖం వెలిగిపోతోంది. "చాలా చిన్న షరతు మామ్మగారూ, పెట్టేయండి సంతకం! నేనైతే ఇంకా గట్టి షరతులకే సిద్ధపడి వచ్చాను!"

ఆవిడ పెట్టింది. బయటికి రాగానే రోజా నాయనమ్మని గట్టిగా పట్టుకుని, అంతలోనే వదిలేసింది. "రెండింటికి క్లాసుంది, మళ్ళీ పోతే బాగోదు" అంటూ తెల్లకోటు ఎగురుతుండగా మెట్లెక్కి పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూసేంత తీరిక కూడా ఆ పిల్లకి లేదు. మెట్ల మీద పిల్ల కనపడకుండా పోయేదాకా సత్యవతి అక్కడే నిలబడి, ఆ తర్వాత బస్సెక్కింది.

కేసు గెలిపించినందుకు ఆవిడ పెడన వచ్చేదాకా లాయరుతో ఒక్క మాట మాట్లాడలేదు.