పదకొండో వేలు

మనిషికి ఎన్ని వేళ్లుండాలనే విషయంలో ప్రకృతికి ఇప్పటికీ స్థిరమైన అభిప్రాయం లేదు. ప్రభుత్వానికి ఉంది. పది. (కాలివేళ్లు వేరే శాఖ చూస్తుంది.)

ఈ సంగతి టైలరమ్మకు నలభై ఒకటో ఏట తెలిసింది. ఆమె ఎడమచేతికి చిటికెన వేలి పక్కనే ఇంకో బుల్లి వేలుంది, పుట్టుకతో వచ్చింది. గుండుసూదులు పట్టుకోవడానికి పనికొచ్చేది. అంతకుమించి దానితో ఆమెకు పనీ లేదు, పేచీ లేదు, దుకాణం లైసెన్సు రెన్యువల్ కోసం అత్తగారిని వెంటబెట్టుకుని వేలిముద్రల కేంద్రానికి వెళ్లేదాకా.

అక్కడి యంత్రం పది ముద్రలు తీసుకుంది. పదకొండోది తగలగానే, "ఇద్దరు మనుషులు గుర్తించబడ్డారు. ఒక్కొక్కరుగా రండి" అంది.

అంగుళీ గణనాధికారి కుర్చీలోంచి లేచి వచ్చారు. (ఆ వారంలో అది రెండోసారి.)

"వీటిలో ఎక్కువైంది ఏదమ్మా?"

"అన్నీ ఒకేసారి వచ్చాయండీ. కావాలంటే దీన్ని మడిచి పెట్టుకుంటాను, పదే తీసుకోండి."

"అవయవాన్ని దాచిపెట్టడం నేరం. మ్యుటేషన్ సర్టిఫికెట్ తెండి. సోమవారంలోగా తేకపోతే షాపుకి సీలు పడుతుంది."

"నా కోడలికి ఎక్కువే ఉంది గాని తక్కువేం లేదు కదా బాబూ" అన్నారు అత్తగారు.

"తక్కువైతే ఇబ్బంది లేదండీ. దానికి ఫారం ఉంది."

దుకాణంలో రెండు వందల స్కూలు యూనిఫారాలు సగం కుట్టి ఉన్నాయి. బడులు తెరిచేది వచ్చే వారమే. టైలరమ్మ కాళ్లకు చక్రాలు కట్టుకుని పురపాలక భవనంలో 'మ్యుటేషన్' అని బోర్డున్న కిటికీ ముందు నిలబడింది. అక్కడ ఇళ్లూ స్థలాలూ ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారుస్తారని ఆమెకు తెలియదు.

"ఆస్తి వివరం?" అన్నాడు గుమాస్తా.

"వేలండీ."

"ఇంతకుముందు ఎవరి పేరున ఉంది?"

"ఎవరికీ లేదు. మా అమ్మానాన్నలకు పదే."

"మరి మీకెలా సంక్రమించింది? కొనుగోలా, దానమా, ఆక్రమణా?"

మూడు కిటికీలు తిరిగాక ఎవరో దయతలచి జన్యువుల డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుని చూసింది.

"ఒంట్లో ప్రతి కణంలోనూ శరీరాన్ని ఎలా కట్టాలో రాసిన పెద్ద పుస్తకం లాంటిది ఉంటుందమ్మా. కణం రెండైనప్పుడల్లా దాన్నంతా తిరగరాయాలి. రాసేటప్పుడు ఎక్కడో ఓ అక్షరం తప్పు పడుతుంది, దాన్నే మ్యుటేషన్ అంటాం. ఎండ, ఎక్స్‌రేలు, పొగాకు, కొన్ని రసాయనాలు ఆ తప్పుల్ని పెంచుతాయి. చాలాసార్లు పైకి చెప్పుకోదగ్గ కారణమే ఉండదు."

"ప్రమాదమాండీ?"

"చాలా తప్పులు ఏమీ చెయ్యవు. కొన్ని జబ్బులు తెస్తాయి. ఎప్పుడో ఒకటి మేలు చేస్తుంది. మీది గుండుసూదులు పట్టుకుంటోంది కదా."

"ఆ తప్పు రాసినవాడు చల్లగా ఉండాలి" అన్నారు అత్తగారు.

డాక్టరమ్మ రాసిచ్చిన సర్టిఫికెట్ చూసి అధికారి పెదవి విరిచారు. "'కారణం తెలియదు' అంటే ఎలా? కారణం లేకుండా ఇక్కడ ఫైలే కదలదు, ఒంట్లో అక్షరం ఎలా కదులుతుంది? పోనీ, మారేముందు అనుమతి తీసుకున్నారా?"

"అప్పటికి నేనింకా పుట్టలేదండీ."

"అదే రాసివ్వండి."

రాసిచ్చింది. ఫైలు పైకి వెళ్లింది. పైవారు దయార్ద్ర హృదయులు. శనివారానికల్లా ఆదేశం వచ్చేసింది: 'అర్జీదారు సౌకర్యార్థం యంత్రంలో వేళ్ల సంఖ్య పదకొండుగా సవరించడమైనది.' టైలరమ్మకు లైసెన్సు వచ్చింది. ఆ రాత్రి ఆమె చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

సోమవారం ఉదయం హాజరు వేయబోయిన సిబ్బందికి యంత్రం, "చెయ్యి అసంపూర్ణం. మిగతాది తెచ్చుకోండి" అంది. సవరణను రద్దు చేయాలంటే అధికారి లోపలికి లాగిన్ కావాలి. లాగిన్ కావాలంటే పదకొండు వేళ్లుండాలి.

అధికారి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు. "మా వాళ్లందర్నీ ఎండలో నిలబెడితే ఒక్కో వేలైనా వస్తుందాండీ?"

"చర్మం పాడవుతుంది. వేలు రాదు. ఆ మార్పు పుట్టకముందే రావాలి."

"వెనకటి తేదీ వేసి ఇవ్వలేరా?"

డాక్టరమ్మ తలుపు చూపించింది.

చివరికి సిబ్బందే టైలరమ్మ దుకాణానికి వచ్చారు. మొత్తం పదకొండు మంది. ప్రత్యేక ఏర్పాటు కింద పైవారు ఆమె వేళ్లలో ఒక్కోదాన్ని ఒక్కో ఉద్యోగి పేరున నమోదు చేయించారు. బుల్లి వేలు హోదాను బట్టి అధికారిగారికి దక్కింది. రోజూ ఉదయం ఆమె అక్కడికి వెళ్లి రెండు చేతులూ యంత్రం మీద ఆనిస్తుంది; ఆఫీసు మొత్తం విధుల్లో చేరుతుంది.

యూనిఫారాలు అందించాల్సిన రోజున మాత్రం ఆమెకు వెళ్లడం కుదరలేదు. ఆ రోజు కేంద్రంలో ఒక్కరూ పనిచేయలేదని రికార్డయింది. క్యూలో ఉన్నవాళ్లెవరికీ తేడా తెలియలేదు.