వణికే బ్రేకులు వర్ధిల్లాలి!

కారు బ్రేకులు పాడవడం కంటే సంసారానికి మేలు చేసే సంగతి మరొకటి లేదని నా దృఢాభిప్రాయం. నవ్వకండి. వెనక సీట్లో కూర్చుని, తల ముందు సీటుకు కొట్టుకుని, బాగా ఆలోచించి చెబుతున్న మాట ఇది.

నేను చెప్పేది ఏదో మామూలు కారు గురించి కాదు, మా బావగారి పెర్ఫార్మెన్స్ సెడాన్ గురించి. అంటే, కళ్ళు మూసి తెరిచేలోపు ఊరు దాటించే సత్తా ఉండి, వారమంతా షెడ్డులో కవరు కప్పుకుని నిద్రపోయే కారు. మా బావగారు ఇంట్లోనే కూర్చుని కంపెనీలకు వెబ్‌సైట్లు తయారుచేస్తారు. పడకగది పక్కగదే ఆయన ఆఫీసు. పక్కగదికి వెళ్ళడానికి అంత స్పీడెందుకండీ అని ఎవరైనా అడిగితే, పాపం అజ్ఞానం, అన్నట్టు జాలిగా చూస్తారు.

ఆ కారుకు రోటర్లు ఉన్నాయి. రోటర్ అంటే ఏమిటో తెలియకుండా ఇన్నాళ్ళూ హాయిగా బతికినవాళ్ళ కోసం రెండు ముక్కలు. చక్రం లోపల, చక్రంతో పాటే తిరిగే ఇనుప పళ్ళెం అది. బ్రేకు తొక్కగానే రెండు ప్యాడ్లు చెరోవైపు నుంచి వచ్చి దాన్ని నొక్కి పట్టుకుంటాయి. కారు ఆగుతుంది. విషయం ఇంతే! ఈ ఇంతే విషయం మీద మా బావగారు అన్నం చల్లారి గడ్డకట్టేదాకా మాట్లాడగలరు.

మొదటి లాభం అదే మరి! అంతకుముందు ఆయన మా అక్కతో "ఊఁ", "చూద్దాం" అన్న రెండు మాటలతోనే కాపురం నెట్టుకొచ్చారు. రోటర్లు వణకడం మొదలయ్యాక నోరు పెగిలింది. గాడులు చెక్కిన రోటర్ మంచిదా, చిల్లులు ఉన్న రోటర్ మంచిదా? ప్యాడ్లు మార్చినప్పుడే రోటర్లూ మార్చాలా, వాటి మందం కొలిచి చూసుకుంటే సరిపోతుందా? పెళ్లయిన కొత్తలో కూడా ఇన్ని కబుర్లు చెప్పుకోలేదని అక్క నాతో అంది. మురిసిపోతూ అందో, విసిగిపోయి అందో నేను అడగలేదు.

ఇక ఆరోగ్యం సంగతి. బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు గడగడా వణుకుతుంది. చేతులకు, భుజాలకు, మెడకు, ఇన్నాళ్ళూ అరగని భోజనానికి ఒకేసారి వ్యాయామం! జిమ్ముకు వెళ్ళి అద్దం ముందు ఆయాసపడే వాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అందరికీ ఒక్కో అరిగిన రోటర్ ఇప్పిస్తే సరిపోదూ?

పైగా ఆ కీచుమనే శబ్దం లోకకల్యాణం కోసమే పుట్టింది. అది వినగానే వీధిలో పిల్లలు బంతి పుచ్చుకుని గోడకు అతుక్కుపోతారు. ఎదురింటావిడ పొయ్యి మీద పాలు దించేస్తుంది, ఆ కీచుకు ఉలిక్కిపడి ఒకసారి గిన్నె ఒలకబోసుకుంది కాబట్టి. మూలింటి పెద్దాయన అయితే తన చెవులు బాగుపడ్డాయనుకుని వినికిడి మిషను తీసి బీరువాలో పెట్టేశారు.

ఇంత ఉపకారం చేసే రోటర్లు ఎందుకు పాడవుతాయంటారా? ప్రేమ వల్ల!

మా బావగారు బ్రేకు గట్టిగా తొక్కరు. తొక్కితే రోటర్లకు నొప్పి. ఆదివారం కారు బయటికి తీశారంటే, వంతెన మీద నుంచి కిందికి దిగినంతసేపూ కాలు పెడల్ మీద ఆనించీ ఆనించనట్టు పెట్టి, రోటర్లను సన్నసెగ మీద పెట్టినట్టు వేడెక్కిస్తారు. కింద ఎర్రలైటు దగ్గర ఆ కాలు అలాగే నొక్కిపెట్టి కూర్చుంటారు. కాగిన ప్యాడు రోటర్‌కు ఒకచోట మచ్చలా అంటుకుంటుంది. ఆ మచ్చే తరువాత వణుకవుతుంది. ఇంటికి రాగానే, పాపం వేడెక్కిపోయాయని, పైపు పెట్టి చల్లటి నీళ్ళతో చక్రాలకు స్నానం చేయిస్తారు. పసిపిల్లలనైనా ఇంత అల్లారుముద్దుగా ఎవరూ పాడుచేసుకోరు.

అలా రెండు జతలు పోయాయి. రోటర్లు బిగించే షాపు యజమాని పెద్ద మాటకారి. మొదటి జత మార్చినప్పుడు, ఇక ఈ జన్మలో మీరు మా మొహం చూడరు సార్ అన్నాడట. తరవాత వాళ్ళిద్దరూ చుట్టాలకంటే ఎక్కువగా మొహాలు చూసుకున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు బావగారు రోటర్ల కంపెనీని తిట్టారు, రోడ్డును తిట్టారు, ఎండను తిట్టారు. తన కాలును మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. అక్క పాల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తుంది. పాలలో నీళ్ళెన్నో, నీళ్ళలో పాలెన్నో తేల్చే పని. తాను పని నేర్పినవాళ్ళందరూ ఒక్కొక్కరే ఇన్‌చార్జిలై వెళ్ళిపోతుంటే వీడ్కోలు కేకు కోసిపెట్టడం కూడా అక్క పనే. చివరికి ఆమె వంతు వచ్చింది. ఊరవతల కొత్త ప్లాంటులో ల్యాబు మొత్తం నీ చేతుల్లో పెడతాం, వస్తావా రావా సోమవారానికల్లా చెప్పు అన్నారు. అక్కడికి బస్సు లేదు. షిఫ్టు వ్యాను ఎక్కాలంటే కోడి కంటే ముందు లేవాలి. అక్కకు డ్రైవింగు వచ్చు, లైసెన్సు ఉంది. పెళ్లికి ముందు తీసుకున్న ఆ లైసెన్సు తరవాత బ్యాంకులో ఫొటో చూపించడానికి తప్ప పనికిరాలేదు.

కారు అడిగింది. బావగారు "చూద్దాం" అన్నారు. మళ్ళీ అడిగింది. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది.

"నీది గట్టి కాలు. రోటర్లు నీ దగ్గర నెల కూడా నిలవవు."

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ సర్దింది. ఆ రోజు నాకు ఆ కారు మీద పట్టరాని కోపం వచ్చింది. పాపం, కారు చేసిన తప్పేముంది?

మూడో జత రోటర్లు బిగించేటప్పుడు షాపు యజమాని ఖరాఖండిగా చెప్పేశాడు. కొత్త రోటర్లనూ ప్యాడ్లనూ ముందు ఒకదానికొకటి అలవాటు చెయ్యాలి, అది చెయ్యకుండా వణుకుతున్నాయని వస్తే తనకు సంబంధం లేదు అన్నాడు. బావగారికి ఆ పద్ధతి కంఠతా వచ్చు. ఇంటర్నెట్టులో ఆ విషయం మీద ఆయన చూడని వీడియో లేదు. కారు వేగంగా పోనిచ్చి బ్రేకు గట్టిగా తొక్కాలి. పూర్తిగా ఆగకముందే వదిలి మళ్ళీ వేగం అందుకోవాలి. అలా కొన్నిసార్లు చేశాక, ఎక్కడా ఆగకుండా చాలాదూరం పోనిస్తే రోటర్లు గాలికి చల్లబడతాయి. మధ్యలో ఆగి బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే మళ్ళీ మచ్చ, మళ్ళీ వణుకు, మళ్ళీ షాపు.

ఆదివారం పొద్దున సెలవులో ఉన్న ఫ్యాక్టరీల వెనక ఖాళీ రోడ్డు మీదికి వెళ్ళాం. అక్కను వెంట తెచ్చింది పద్ధతి ఫోనులో చూసి చదవడానికి. నేను వెనక సీట్లో, ఊరికే.

బావగారు వేగం పెంచారు. అక్క "గట్టిగా తొక్కాలి" అని చదివింది. ఆయన కాలు, చన్నీళ్ళ బకెట్లో పెడుతున్నట్టు, పెడల్‌ను తాకి వెనక్కి వచ్చేసింది. మళ్ళీ వేగం, మళ్ళీ అదే తాకుడు. వెనక వస్తున్న వ్యానువాడు ఈయన వెళ్తాడో ఆగుతాడో తేల్చుకోలేక హారను మీద చెయ్యి తీయలేదు. చివరికి బావగారు కారు పక్కకు తీసి, చెమట తుడుచుకుని, "నా వల్ల కావట్లేదు" అన్నారు.

ఇంకెవరున్నారు? ఆయన ఆశగా నా వైపు తిరిగారు. నాకు సైకిలు కూడా రాదు.

"మీరు ఇటు రండి," అంది అక్క.

సీట్లు మారారు. ఫోను బావగారి చేతికి వచ్చింది. అక్క అద్దం సరిచేసుకుంది, సీటు ముందుకు జరుపుకుంది, కారు పోనిచ్చింది. ఆయన చదివారు, ఆమె తొక్కింది. నా కళ్ళజోడు ఎగిరి ముందు సీటు కింద పడింది. స్టీరింగు మాత్రం చెక్కుచెదరలేదు! బావగారి మొహం వెలిగిపోయింది.

"ఇంకొంచెం గట్టిగా తొక్కు."

ఈ మాట ఆయన నోట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. అక్క తొక్కింది. ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా ఆ కాలిలోకి దిగిందేమో అనిపించింది. నాకు కళ్ళజోడు లేక సరిగ్గా కనపడలేదు కానీ, ఆమె నవ్వుతోందని వెనక నుంచే తెలిసింది.

తొక్కడం అయిపోయింది. చల్లబరచడం మిగిలింది. ఇంటికి తిరిగే మలుపు వచ్చింది. అక్క తిప్పలేదు.

"ఇల్లు అటు," అన్నారు బావగారు.

"అక్కడ సిగ్నల్ ఉందండీ. ఎర్రలైటు పడితే బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవాలి. ఆగకూడదని ఇప్పుడే చదివారు కదా."

శాస్త్రం ఆయనదే. కాదనడానికి లేదు. కారు ఊరు దాటింది, తోటలు దాటింది, ఎక్కడా ఆగకుండా వెళ్ళి వెళ్ళి కొత్త పాల ప్లాంటు గేటు ముందు ఆగింది. వాచ్‌మన్ వచ్చి ఎవరు కావాలి అన్నాడు. కొత్త ల్యాబ్ ఇన్‌చార్జిని, రోజూ వచ్చే దారి చూసుకుందామని వచ్చాను అంది అక్క. బావగారు ఆ మాట వినలేదు. ఆయన చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ప్యాడు రోటర్‌కు ఎంత సమానంగా పట్టిందో చూసి పరవశించిపోతున్నారు. కారు తాళం అక్క హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళడం కూడా ఆయన చూడలేదు.

ఇప్పుడు కారు రోజూ ప్లాంటుకు వెళ్ళొస్తోంది. వణుకు లేదు, కీచు లేదు. ఇదంతా తన పద్ధతి మహిమేనని బావగారు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నారు. చెప్పుకోనివ్వండి.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా, మీకేదైనా కావాలంటే మీకోసమని మాత్రం అడగకండి. ఉద్యోగం కోసం అడిగితే మా అక్కకు దక్కింది "చూద్దాం". రోటర్ల కోసం అనేసరికి ఆయనే సీటు దిగి ఇచ్చారు! మీ ఇంట్లో కారు లేదని దిగులుపడకండి. మీ మాటకంటే ఎక్కువ విలువ ఉన్న ఇనప ముక్క మీ ఇంట్లో కూడా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. వెతకండి.