దీవికి దిగువారు వరసలో నిలబడవలెను

మానవుడు సముద్రాన్ని జయించి చాలా కాలమైంది. తుపానులు, సొరచేపలు, దారి తప్పడాలు, ఇవన్నీ పాత కష్టాలు. నేటి సముద్రయానంలో మిగిలిన ఒకే ఒక్క ప్రమాదం ఓడ దిగడం. ఆ ప్రమాదం నుంచి ప్రయాణికులను కాపాడడానికి విహారనౌకలో ప్రత్యేకంగా ఒక విభాగమే పనిచేస్తుంది. దాని పేరు దిగుదల విభాగం. (ఎక్కుదల విభాగమంటూ ఏదీ లేదు. ఎక్కడానికి ఎవరైనా ఎక్కవచ్చు.)

ఈ సంగతి టైలరమ్మకు ముందు తెలియదు. తెలిసినా ఎక్కేదే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె కుట్టుమిషను ఎదురుగా ఒక గోడ, ఆ గోడ మీద ఒక క్యాలెండరు బొమ్మ. తెల్లటి ఇసుక, ఆకుపచ్చని నీళ్ళు, సముద్రం మీదికి వంగిన ఒక కొబ్బరిచెట్టు. క్యాలెండరుకు కాలం చెల్లి ముప్పై ఏళ్ళయింది. తేదీలు చింపేసి బొమ్మను మాత్రం ఉంచుకుంది. ఊళ్ళోవాళ్ళ చొక్కాలకు కాజాలు తీస్తూ, అప్పుడప్పుడూ తలెత్తి, ఏదో ఒకరోజు ఆ ఇసుకలో చెప్పుల్లేకుండా నిలబడాలనుకునేది. ఆమెకున్న కోరికల్లా అదొక్కటే. ఈ లోపల ఎందరి నడుములో లావెక్కాయి, ఎందరి కొలతలో మారాయి, ఆ కోరిక మాత్రం అదే కొలతలో ఉండిపోయింది.

ఇక ఆమె భర్త. ధ్రువపత్రాల కార్యాలయంలో మూడో కౌంటరు, ముప్పై నాలుగేళ్ళు అదే కుర్చీ. వీధిలో అందరూ ఆయన్ని కౌంటరాయన అనే అనేవారు. పుట్టినవాళ్ళు పుట్టారనీ, పోయినవాళ్ళు పోయారనీ ఆయన ఒప్పుకుంటే తప్ప చెల్లేది కాదు. సర్వీసు మొత్తం మీద ఆయన జనంతో మాట్లాడిన మాటలు రెండే. మొదటిది "పేరు?". రెండోది "రేపు రండి". ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు. పెట్టలేదంటే అన్యాయమవుతుంది, ఏటా పెట్టేవాడు. అయితే సెలవు దరఖాస్తులు పరిశీలించేది కూడా మూడో కౌంటరే కావడంతో, ఏటా తన దరఖాస్తులో ఏదో ఒక లోపం తన కంటనే పడేది. వెంటనే తిప్పి పంపేవాడు.

"మీ కాగితం మీరే తిప్పి పంపుకోవడమేంటండీ? ఎవరైనా వింటే నవ్విపోతారు" అని టైలరమ్మ నెత్తీ నోరూ బాదుకునేది.

"నా కాగితమని చూసీచూడనట్టు వదిలేస్తే, రేపు జనానికి ఏ ముఖం పెట్టుకుని చెప్తాను?" అనేవాడాయన.

ఆయన పదవీ విరమణ చేసిన వారానికే ఆమె టిక్కెట్లు కొనేసింది. కొన్నాక చెప్పింది. ఏడు రోజులు, ఒక రేవు పట్టణం, రెండు దీవులు.

ఓడ పదకొండు అంతస్తుల భవనం. గదిలో మంచం మీద తువ్వాలుతో చేసిన హంస ఒకటి, హంస ముక్కున ఒక నియమావళి. పద్నాలుగో నియమం ప్రకారం ప్రయాణికులు తమ ఆనందాన్ని స్వచ్ఛందంగా అనుభవించాలి. పదిహేడో నియమం ప్రకారం నేల మీద కాలు పెట్టదలచినవారు ఓడవారి యాప్‌లో దిగుదల టోకెను తీసుకోవాలి. యాప్‌కు సిగ్నలు కావాలి. సిగ్నలు ఒడ్డున ఉంటుంది. (ఒడ్డుకు వెళ్ళాలంటే టోకెను కావాలి. ఈ ఏర్పాటు వల్ల రద్దీ చాలావరకు తగ్గిందని దిగుదల విభాగపు వార్షిక నివేదిక సంతోషం వ్యక్తం చేసింది.) యాప్ పనిచేయనివారి సౌకర్యార్థం ఐదో అంతస్తులో ఒక కౌంటరు ఉంది. ఆ కౌంటరులో దిగుదల అధికారి, ఆయన పక్కన చిరునవ్వుల అధికారిణి కూర్చుంటారు. ఏం అడిగినా ఆయన తల అడ్డంగా ఊపుతాడు, ఆవిడ నవ్వుతుంది.

మూడోరోజు రేవు పట్టణం వచ్చింది. పది జాతులవాళ్ళు కలిసి బతికే ఊరని కరపత్రంలో రాశారు. రెండున్నర గంటలు వరసలో నిలబడ్డాక దంపతులిద్దరినీ దించి, నేరుగా రేవులోని ఒక రేకుల షెడ్డులోకి నడిపించారు. దాని మీద 'బహుళ సంస్కృతుల పరిచయశాల' అని రాసి ఉంది. లోపల పది బల్లలు, బల్లకో జాతి. ఒక్కో బల్ల దగ్గర నాలుగు నిమిషాలు ఆగి, ఆ సంస్కృతితో పరిచయమైనట్టు కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. పది బల్లల దగ్గరా ఉన్నది ఒకే మనిషి. టోపీలు మార్చుకుంటూ వీళ్ళకంటే ముందు తర్వాతి బల్ల దగ్గరికి పరిగెత్తుకుంటూ వెళ్ళేవాడు. ఏడో సంస్కృతి దగ్గరికొచ్చేసరికి పాపం అతనికి ఆయాసం వచ్చేసింది.

షెడ్డు వెనక ఇనప కంచె. కంచెకు అవతల అసలు ఊరు. ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోంది. ఎవరో ఒక భాషలో తిడుతుంటే ఎవరో ఇంకో భాషలో పగలబడి నవ్వుతున్నారు. టైలరమ్మ కంచె దగ్గరికి వెళ్ళి నిలబడింది. అవతల గుడ్డలమ్ముకునే ఒకావిడ కంచె సందులోంచి వేళ్ళు పెట్టి, ఆమె కాలరు అంచు తిరగేసి, లోపలి కుట్టు చూసింది. చూసి బొటనవేలు పైకెత్తింది. టైలరమ్మ ఆవిడ భుజం మీది గుడ్డ కొస పట్టుకుని నలిపి చూసి, అసలుది కాదన్నట్టు మూతి తిప్పింది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఇంతలో ఈల మోగింది. పట్టణ సందర్శన పూర్తయింది.

"ఎనిమిదో ముద్ర సరిగ్గా పడలేదు" అన్నాడు కౌంటరాయన, ఓడ మెట్లెక్కుతూ, కార్డు వెలుతురుకు పట్టి చూస్తూ.

ఐదోరోజు మొదటి దీవి. టైలరమ్మ తెల్లవారకముందే లేచి, చెప్పులు సంచిలో పెట్టేసుకుని, వరసలో అందరికంటే ముందు నిలబడింది. ఆమె ఫారం చూసి దిగుదల అధికారి తల అడ్డంగా ఊపాడు.

"రెండు పాదాలూ ఒకే ఫారంలో రాశారు మేడం."

"రెండూ నావే కదండీ?"

"కావచ్చు. పాదానికో ఫారం ఉండాలి. ఎడమది ఆరో అంతస్తులో, కుడిది తొమ్మిదో అంతస్తులో ఇస్తారు."

చిరునవ్వుల అధికారిణి నవ్వింది. టైలరమ్మ ఆరుకెళ్ళి, తొమ్మిదికెళ్ళి, కాళ్ళరిగేలా తిరిగి వచ్చేసరికి దీవి మూసేశారు. అంటే దీవి అక్కడే ఉంది, పడవలు ఆగిపోయాయి. ఆమె కమ్మీ పట్టుకుని ఆ ఇసుక వంక చూసింది. చూస్తూ ఉండగానే ఏడుపొచ్చేసింది. కాజాలు తీసీ తీసీ గట్టిపడ్డ వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది, అయినా ఆగలేదు.

భార్య కన్నీళ్ళు చూసి కౌంటరాయన రక్తం మరిగిపోయింది. "ఇదేనా కౌంటరు నడిపే పద్ధతి?" అంటూ సలహాల పుస్తకం అడిగి తెప్పించుకుని, నిలబడ్డపళంగా పదకొండు పేజీలు రాశాడు. భార్యకు అన్యాయం జరిగిందని అందులో ఎక్కడా రాయలేదు. ఫారాలకు వరస సంఖ్యలు లేవనీ, ముద్ర సిరా పలచగా ఉందనీ, పాదాల ఫారాలు రెండూ ఒకే అంతస్తులో ఇస్తే పర్యవేక్షణ సులువనీ రాశాడు.

ఆ పదకొండు పేజీలూ ఓడ మీది విశ్రాంతి నియంత్రణాధికారి చదివాడు. చదివి కదిలిపోయాడు. మర్నాడు ఆఖరి దీవి. ప్రయాణికులు అప్పటికే కుర్చీలెత్తే స్థితిలో ఉన్నారు. దిగుదల అధికారి వాంతులతో మంచాన పడ్డాడు, చిరునవ్వుల అధికారిణి ఆయన పక్కనే కూర్చుని నవ్వుతోంది. (ఆయనకు సముద్రం పడదు. ఈ విషయం ఉద్యోగంలో చేరేటప్పుడు ఏ ఫారంలోనూ అడగలేదట.) నియంత్రణాధికారి స్వయంగా గది తలుపు తట్టి, కౌంటరాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఈ ఒక్కపూట మీరే గట్టెక్కించాలి సర్."

కౌంటరాయన ఒక దిండు, ఒక పురికొస ఉండ, తడి స్పాంజి అడిగాడు. వంగిపోయిన నడుము అదే నిటారైంది. కూర్చున్న పది నిమిషాల్లో పాత ఫారాలు రెండూ కలిపి ఒకటి చేశాడు. అడుగున సొంతంగా ఒక గడి మాత్రం చేర్చాడు: 'తోడు వచ్చినవారు వరసలో పక్కనే ఉన్నారా?' జంటలు విడిపోయి వెతుక్కోవడం వల్లే ఆలస్యమవుతోందని ఆయన కనిపెట్టాడు. అది నిజమే కూడా. ముద్ర పడితే ఫటేలుమని పడింది. వరస నీళ్ళలా కదిలింది. నాలుగు గంటల్లో ఓడ సగానికి సగం ఖాళీ. జనం దిగిపోతూ ఆయనకు దణ్ణాలు పెట్టారు. ముప్పై నాలుగేళ్ళలో ఆయనకు ఎవరూ దణ్ణం పెట్టి ఎరగరు.

టైలరమ్మ ఆ వరసలో చిట్టచివర ఉంది. "ఇంటిమనిషిని ముందు పంపితే నలుగురూ ఏమనుకుంటారు? చివర్లో నిలబడు" అని ఆయనే చెప్పాడు. ఆమెకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే గర్వంగానే ఉంది. ఒంటిగంటకు ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయనగా ఆమె వంతు వచ్చింది. వెనక ఇంకెవరూ లేరు.

ఆయన తలెత్తకుండానే అడిగాడు. "పేరు?"

"ఏమండీ, నేనే."

ఆయన కళ్ళజోడు మీదుగా చూశాడు. ఫారం తీసుకున్నాడు. అడుగు గడి దాకా వేలు పెట్టి చదివి, అక్కడ ఆగాడు.

"తోడు వచ్చినవారు వరసలో లేరు."

"ఎదురుగుండా మీరే ఉన్నారు కదండీ!"

"నేను కౌంటర్లో ఉన్నాను. వరసలో లేను."

ఆయనకూ బాధేసింది, ముఖంలో తెలుస్తూనే ఉంది. ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీలోంచి లేచి, చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన వరసలో నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి ఖాళీ కుర్చీ వంక చూశారు.

"అధికారి సీట్లో లేరు" అన్నాడాయన, కాస్త నొచ్చుకుంటూ.

"మరేం చెయ్యాలి?"

"ఎవరికైనా చార్జి అప్పగించాలి. ఇక్కడ నువ్వు తప్ప ఎవరూ లేరు."

కాగితం తీసి చార్జి అప్పగింత రాశాడు. దిండు ఒకటి, పురికొస సగం ఉండ, స్పాంజి ఒకటి, ముద్ర ఒకటి. ఆమె సంతకం పెట్టి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. తన ఫారం తనే తీసుకుంది. తోడు వచ్చినవారు వరసలో ఉన్నారా? ఉన్నారు, ఎదురుగానే. ముద్ర వేసుకుంది. కుట్టుమిషను మీద ఆడిన చెయ్యి కదా, ముద్ర ఆయన వేసినదానికంటే శుభ్రంగా పడింది.

ఆయన మురిసిపోయి తన ఫారం కిటికీలోంచి జరిపాడు. ఆమె చదివింది. చివరి గడి దగ్గర ఆగింది.

"తోడు వచ్చినవారు వరసలో లేరండీ."

ఆయన పక్కకు చూసుకున్నాడు. నిజమే, లేరు.

"ఏమండీ, ఈ గడి కొట్టేస్తాను. ఇద్దరం పోదాం" అందామె, గొంతు తగ్గించి. నిజంగానే అడిగింది. కలం చేతిలోనే ఉంది.

ఆయన కిటికీలోంచి చెయ్యి చాచి ఫారం మీద అడ్డం పెట్టాడు. "కొట్టివేతలుంటే ఫారం చెల్లదే!"

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. టైలరమ్మ కలం మూత పెట్టింది. బల్ల కింద ఉన్న 'భోజన విరామం' పలక తీసి కిటికీకి తగిలించి, సంచి భుజాన వేసుకుని, ఆఖరి పడవలో ఎక్కేసింది.

దీవి మీద కొబ్బరిచెట్టు వంగి లేదు, నిటారుగా ఉంది. ఇసుక కాలిపోతోంది. ఆమె మోకాళ్ళ దాకా నీళ్ళలోకి నడిచి, వేళ్ళ సందుల్లోంచి ఇసుక జారిపోతుంటే, ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్కసారే ఇంటికొచ్చినంత సంతోషంతో గట్టిగా అరిచింది. ఏం అరిచిందో ఆమెకే తెలియదు. దానికి ఫారం లేదు.

నాలుగింటికి ఓడకు తిరిగొచ్చేసరికి ఐదో అంతస్తులో వరస అలాగే ఉంది. వరసంతా కలిపి ఒక్కడే మనిషి. చార్జి తీసుకున్న అధికారి రాకుండా కిటికీ తెరిచే అధికారం ఎవరికీ లేదు కాబట్టి ఆయన కదల్లేదు. కోపంగానూ లేడు. విరామం సరిగ్గా సమయానికి పెట్టారనే గౌరవం కూడా ఆ చూపులో ఉంది. ఆమె కాళ్ళకంటిన ఇసుక వంక చాలాసేపు చూశాడు.

"ఎలా ఉందోయ్ దీవి?"

కింద లంగరు ఎత్తుతున్న చప్పుడు వినిపించింది. టైలరమ్మ కౌంటరులోకి వెళ్ళి, పలక పక్కకు జరిపి, ఆయన ఫారం జాగ్రత్తగా మడిచి కిటికీలోంచి తిరిగి ఇచ్చింది.

"రేపు రండి."