ఆటోఫోకస్ లౌక్యం

ఆటోఫోకస్ చెడిపోయిందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. చెడిపోవడమా! అంత లౌక్యం తెలిసిన యంత్రం మన గోదావరిఖనిలో ఇంకొకటి ఉందా?

మా పోశం కాకకు సెంటినరీ కాలనీలో ఫోటో స్టూడియో ఉంది. ఈమధ్య ఒక రీలు కెమెరా కొన్నాడు, దానికి మూరెడు జూమ్ లెన్సు. బటన్ సగం నొక్కితే ఎవరిని చూడాలో అదే చూసుకుంటుందట. ఇక మనిషికి కళ్లెందుకు?

మొన్న మా బాపు రిటైరయ్యాడు. చివరి షిఫ్టు దిగి గనిలోంచి పైకి వచ్చాడు. ముఖమంతా బొగ్గు, తలకు టోపీ, టోపీకి లైటు. సన్మానం కాగానే ఆ లైటు అప్పజెప్పేయాలి. ఆలోపే ఫోటో తీయాలి. ఎందుకంటే బాపును కన్న మా సమ్మవ్వ కొడుకును ఆ వేషంలో ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు గని దాకా రావడానికి కాళ్లు సాగవు.

శాలువా కప్పడానికి గని ఆఫీసరు సారొకాయన బాపు వెనక నిలబడ్డాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు.

కాక బటన్ నొక్కాడు. లెన్సు గర్రుమంటూ ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. సవారీ దొరకని షేర్ ఆటోలాగా! బాపు ముఖం దగ్గర మాత్రం ఆగలేదు. నలుపు మీద నలుపు, పట్టు దొరకలేదట.

"ఏందిరా పోశం, నీ ఆటోకు బ్రేకుల్లేవా?" అన్నాడు బాపు.

"కదలకు అన్నా! గదే ఎతుక్కుంటది."

వెతుక్కుంది. దొరికింది. టక్!

రీలు కడిగించాక చూస్తే, సారు చొక్కా గుండీల దారం కూడా కనబడుతోంది. ఆయన ముందు ఒక పొగ. పొగ మీద శాలువా.

అవ్వ ఫోటోను కళ్ల దాకా తెచ్చుకుంది. "నా కొడుకేడే పిల్లా?"

"గా పొగల ఉన్నది నేనే అవ్వా," అన్నాడు బాపు.

"గట్లనా! మరి గీ సారెవలు? మంచిగ పడ్డడు."

చూశారా ఎంత మేలో! బాపు ముఖం మీది ముడతలు లేవు, దగ్గీ దగ్గీ లోపలికి పోయిన దవడలు లేవు. ఏ తల్లికైనా ఇంతకన్నా ఊరట ఏం కావాలి? ఫోటో అంటే పక్కకు తప్పుకునే నాలాంటి పిల్లలకైతే ఈ లెన్సు వరమే!

తప్పు ఒక స్విచ్‌దని కాక తర్వాత కనిపెట్టాడు. లెన్సు పక్కన ఏ, ఎం అని రెండు అక్షరాలున్నాయి. నల్లటి ముఖాలకు ఎం మీద పెట్టి చేత్తో రింగు తిప్పుకోవాలట.

"ఏ అంటె అఫ్సర్, ఎం అంటె మజ్దూర్. గంత సక్కగ రాసిపెట్టిండ్రు, నువ్వే సూడకపోతివి!" అన్నాడు బాపు.

కాక నవ్వలేదు. మళ్లీ తీద్దామన్నా లైటు అప్పటికే గని ల్యాంపు రూముకు చేరిపోయింది.

కాబట్టి పాఠకులారా, కెమెరాను తిట్టకండి. ఆరోజు మైకు పట్టుకున్న వాళ్లంతా సారునే పొగిడారు. చివర్లో ముత్యం అనే మా బాపును మల్లేశం అని పిలిచి చప్పట్లు కొట్టించారు. అందరూ ఎటు చూశారో అదీ అటే చూసింది, అంతే.

దానికైనా ఎం అనే స్విచ్ ఉంది. వాళ్లకు ఎక్కడుందో మీకు కనబడితే కాస్త చెప్పండి.