నూకరత్నానికి కూతురు ఉందనుకుందాం

విశ్వవిద్యాలయంలోని తత్వశాస్త్ర విభాగంలో నూకరత్నం ఉదాహరణగా ఉద్యోగం చేస్తోంది. బుధవారం సెమినార్లో వేదిక మీది సార్లు ఆమె గురించి ఏది "అనుకుందాం" అంటే అది ఆమెకు జరుగుతుంది, ఆ ఊహ వదిలేస్తున్నామని చెప్పగానే మళ్ళీ మామూలు మనిషి అవుతుంది. పోస్టు నాలుగో తరగతిది. మిగతా రోజుల్లో గదులు ఊడ్చాలి.

పూర్వం ఆ విభాగంలో కుండనీ, గుడ్డనీ, తాడునీ ఉదాహరణలుగా వాడేవాళ్ళు. కుండ పగిలింది. గుడ్డ బల్లలు తుడవడానికి పోయింది. తాడును బయటికి తీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు పామని పరుగెత్తడం వల్ల చర్చ సాగడం లేదని ఫిర్యాదులొచ్చాయి. తనిఖీకి వచ్చిన బృందం, ఉదాహరణలు ప్రాణమున్నవిగా, చుట్టుపక్కల దొరికేవిగా ఉండాలని రాసిపెట్టి వెళ్ళింది. దాంతో ప్రకటన వేశారు. ఎనిమిదో తరగతి చదివి ఉండాలి, రెండు గంటలు కదలకుండా కూర్చోగలగాలి, సొంత అభిప్రాయాలు ఉండకూడదు. ఇంటర్వ్యూకి నలభైమంది వచ్చారు. సత్యం అంటే ఏమిటని అడిగితే ముప్పైతొమ్మిదిమంది ఏదో ఒకటి చెప్పారు. నూకరత్నం, "నాకేటి తెల్దు బాబూ" అంది. విభాగాధిపతి ఆచార్య చక్రధరం గారు ముచ్చటపడి అక్కడికక్కడే సంతకం పెట్టారు.

మొదటి ఏడాది పని తేలిగ్గానే నడిచింది. ఒకాయన ఈమెకు చూపు లేదనుకుందాం అన్నాడు. ఇరవై అయిదు నిమిషాలు ఆమెకు ఏమీ కనపడలేదు. ఆలోపు రంగంటే ఏమిటో వాదించి, తేలలేదని తేల్చి, ఊహ వదిలేశారు. ఇంకొకాయన మహారాణి అనుకుందాం అన్నాడు. ఆరు నిమిషాలు మహారాణిగా ఉండి, ఫ్యాను కాస్త ఇటు తిప్పమని మాత్రం అడిగింది. ఒక బుధవారం ఇద్దరు నూకరత్నాలు ఉన్నారనుకున్నారు. ఇద్దరూ ఒకే కుర్చీలో ఒదిగి కూర్చున్నారు. టీ ఒకటే వచ్చింది.

సెమినార్‌కి వచ్చేవాళ్ళు పదకొండుమంది. అందులో అయిదుగురు హాజరు కోసం వచ్చే పరిశోధక విద్యార్థులు. ఇద్దరు రిటైరైన ఆచార్యులు, ముందు వరసలో నిద్రపోతారు. చప్పట్లకి మెలకువ వచ్చి ఒకాయన, "నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే" అంటాడు. రెండో ఆయన, "నేను మొదట్నుంచీ కాదంటున్నదీ ఇదే" అంటాడు. ఉండటం, ఉనికి ఒకటేనా అనే విషయం మీద మూడు వారాలు మాట్లాడారు. నాలుగో వారం బిస్కెట్లు రాకపోయేసరికి ఒకటేనని ఒప్పుకున్నారు. నూకరత్నం ఇవేవీ పట్టించుకునేది కాదు. రాత్రికి ఏ కూర వండాలో ఆలోచించుకుంటూ కూర్చునేది. ఇంట్లో ఉండేది తనూ, కూతురు పైడమ్మా. పిల్లకి బెండకాయ పడదు.

రెండో ఏడాది కార్తీకంలో డాక్టర్ ప్రద్యుమ్న గారని వేరే ఊరి విశ్వవిద్యాలయం నుంచి వచ్చారు. ప్రసంగం పేరు "లేమి: ఒక పునరాలోచన". శాలువా కప్పించుకుని, నాలుగు గుక్కలు మంచినీళ్ళు తాగి, నూకరత్నం వైపు తిరిగారు.

"అమ్మా, నీకు పిల్లలున్నారా?"

"ఒక్కర్తే బాబూ. పైడమ్మ. అయిదు సదువుతంది."

"బావుంది. ఈమెకు కూతురు లేదనుకుందాం."

నూకరత్నానికి ఒళ్ళోంచి ఏదో బరువు దిగిపోయినట్టయింది. ప్రద్యుమ్న గారు వివరించుకుంటూ పోయారు. లేకపోవడం అనేది ఒక వస్తువు కాదు. ఈమెను చూడండి, కుర్చీలో ఇందాకటిలాగే ఉంది. ఏమైనా తగ్గిందా? అందరూ ఆమెను చూశారు. ఏమీ తగ్గలేదని ఒక పరిశోధక విద్యార్థి రాసుకున్నాడు. తర్వాత చర్చ మొదలైంది, ప్రద్యుమ్న గారి రైలుకి వేళయింది. చక్రధరం గారు లేచి, సమయాభావం వల్ల ఈ చర్చను ముగించకుండా ఇలాగే వదిలేద్దామని, తత్వశాస్త్రంలో అదే అందమని చెప్పి, వందన సమర్పణ చేయించారు. కారు వెళ్ళిపోయింది. ఊహ వదిలేస్తున్నామని ఎవరూ అనలేదు.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి గోడకి ఒకటే చాప ఆనించి ఉంది. అలమరలో ఒకటే కంచం. తలుపు దగ్గర చిన్న చెప్పులుండే చోట పేడతో అలికిన నేల నున్నగా, ఎవరూ తొక్కనట్టు ఉంది. పక్కింటి అప్పలకొండ బియ్యం ఏరుకుంటోంది.

"అప్పలకొండా, మా పైడి మీ ఇంటికొచ్చిందేటి?"

"పైడెవులే?"

"నా కూతురు."

అప్పలకొండ చేట కింద పెట్టి ఆమెను ఎగాదిగా చూసింది. "నీకు కూతురేటే? ఎండదెబ్బ గానీ తగిల్నాదా?"

బడి రిజిస్టర్లో పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది. మొదట్నుంచీ అంతేనని హెడ్మాస్టరు చెప్పాడు. అందరూ మరిచిపోయినా నూకరత్నం మాత్రం మరిచిపోలేదు, దానికి కారణం నియమావళిలోనే ఉంది. తనకు ఏది లేదో ఉదాహరణకి తెలియకపోతే వాదం నిలబడదు కనుక, ఆమె ఒక్కదానికే జ్ఞాపకం మిగలాలని అందులో రాశారు. పదకొండో నిబంధన.

గురువారం ఆమె ఆఫీసు సూపరింటెండెంట్ దాలినాయుడు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమె ప్రాంతం మనిషే, మంచివాడని పేరు. అంతా విని సొరుగు లాగి ఒక ఫారం తీశాడు.

"ఇది ఊహ వదులుకునే ఫారం. దీన్ని ఊహించినవాళ్ళే నింపాలి."

"ఆ బాబు ఎల్లిపోనారు కదండీ."

"పోస్టులో పంపుతాను."

"ఈలోగా నా పిల్ల ఎక్కడుంటాది బాబూ? తిండీ నీళ్ళూ ఎవులెడతారు?"

"లేనివాళ్ళకి ఆకలుండదమ్మా" అన్నాడు దాలినాయుడు నెమ్మదిగా. ఆమె మొహం చూసి కుర్చీ లాగి కూర్చోమన్నాడు. "నీది నయం, ఒక్క మనిషితో పోయింది. అర్థశాస్త్రం వాళ్ళు ఉదాహరణకని ఒక ఊరినే తీసుకున్నారు. పంట లేదనుకుందాం, చెరువు లేదనుకుందాం అని వరసపెట్టి అనుకుని, భోజనాలకి లేచిపోయారు."

"ఏ ఊరండీ అది?"

"అదే ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు."

ప్రద్యుమ్న గారి జవాబు అయిదు వారాలకి వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. తన వ్యాసం ఒక పత్రిక పరిశీలనలో ఉందని, నూకరత్నం ఉదాహరణ గుండెను తాకిందని అక్కడి పండితుడు ఒకరు మెచ్చుకున్నారని, ఈ దశలో ఊహ వదిలేస్తే వ్యాసం కూలిపోతుందని తెలియజేశారు. కూతురు లేకపోవడం అనేది నిజానికి లేనే లేదని తన వ్యాసం నిరూపిస్తోంది కనుక ఆమె బాధపడవలసిన అవసరం కూడా లేదన్నారు. దాలినాయుడు ఉత్తరాన్ని రెండుసార్లు చదివి వినిపించాడు. నూకరత్నం రెండుసార్లూ విని, ఆ ఆఖరి ముక్క ఇంకోసారి చదవమంది. మాఘంలో వ్యాసం అచ్చయింది. అచ్చయిన ఊహని వదులుకోవడానికి ఆఫీసులో ఫారం లేదు.

అప్పుడామె చక్రధరం గారి గదికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. ఆయన రాసుకుంటూ, తలెత్తకుండానే ఏమిటన్నారు. చెప్పింది. ఆయనకి విషయం ఆసక్తిగా అనిపించి కలం మూత పెట్టారు.

"ఒకరి ఊహను ఇంకొకరు కొట్టెయ్యకూడదు నూకమ్మా. అది మేధావుల మధ్య మర్యాద కాదు. కానీ ఊహ మీద ఊహ చెయ్యొచ్చు."

"అంటే ఏటి బాబూ?"

"ఇంకో వక్త లేచి, ఈమెకు కూతురు ఉందనుకుందాం అనొచ్చు. ఆ సెమినార్ నడిచినంతసేపూ ఉంటుంది."

"ఆ తర్వాత?"

"తర్వాత వందన సమర్పణ."

"మరి నాను ఈ ఉద్యోగం మానేస్తేనో?"

"మానెయ్యొచ్చు. అప్పుడు నీ గురించి ఏమీ అనుకోవడానికి మాకు వీలుండదు" అని ఆయన మళ్ళీ కలం తీశారు.

తర్వాతి బుధవారం మాట్లాడవలసినవాడు ఒక పరిశోధక విద్యార్థి. నూకరత్నం మెట్ల దగ్గర కాపు కాసింది. "బాబూ, మీ మాటల్లో ఏదో ఓ మూల నాకో కూతురుందని అనీయండి. మీకు పున్నెముంటాది" అంది. అతనికి అసలు చెప్పడానికి ఏమీ లేదు. ఒక వాక్యం దొరికిందని సంతోషించాడు. స్వేచ్ఛ గురించి నాలుగు ముక్కలు చెప్పి, "ఈమెకు కూతురు ఉందనుకుందాం" అన్నాడు.

కుర్చీ పక్కన పైడమ్మ నిలబడి ఉంది. బడి బట్టలు, భుజాన సంచి, చేతికి సుద్దముక్క పొడి.

"అమ్మా, ఇదేటి? నాను లెక్కలు సేస్తన్నాను కదా" అంది.

నూకరత్నం ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మూడు నెలలుగా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "ఆకలేస్తందా?" అంది.

"నేదు. అన్నం తినే కదా బడికెల్లేను."

"జడ ఊడిపోనాది. ఇటు తిరుగు."

మూడు పాయలు తీసి రెండు మెలికలు వేసిందో లేదో, ఆ కుర్రవాడు ఇంతటితో ముగిస్తున్నానన్నాడు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని చక్రధరం గారు అడిగారు, ఎప్పటిలాగే ఎవరూ నోరు మెదపలేదు. వందన సమర్పణ అయింది. నూకరత్నం వేళ్ళు గాలిలో మెలిక తిప్పుతూ ఆగిపోయాయి. జన్మలో మొదటిసారి ఆమెకు ఒక చదువుకున్నవాడి మీద కోపం వచ్చింది. ఇంత చిన్న ప్రసంగానికి మైకెందుకని.

అప్పటినుంచి ఆమె ప్రతి వక్తనీ గేటు దగ్గరే కలుసుకుని, సంచి అందుకుని, ఆ ఒక్క మాటా అడిగేది. సార్లకు కూడా అలవాటైపోయింది. కొన్నాళ్ళకి ఆహ్వాన పత్రికలోనే జ్యోతి ప్రజ్వలన తర్వాత "నూకరత్నానికి కూతురు ఉందనుకోవడం" అని అచ్చువేయించారు. జ్యోతి వెలిగించినట్టే చేసేవారు, పిల్ల వంక ఎవరూ చూసేవారు కాదు. నూకరత్నం మాత్రం ఎవరు ఎంతసేపు మాట్లాడతారో ఇప్పుడు మనిషిని చూసి చెప్పేస్తుంది. కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు మంచివాళ్ళు. "రెండే రెండు ముక్కలు" అని మొదలుపెట్టేవాళ్ళు ఇంకా మంచివాళ్ళు, వాళ్ళు గంటన్నర దాటుతారు. గడియారం చూసుకునేవాడంటే ఆమెకు గిట్టదు. అందరూ ఆవులిస్తున్న గదిలో, ఉపన్యాసం ఇంకాస్త సాగాలని కోరుకునే ప్రాణి ఆమె ఒక్కతే.

అయినా చాలేది కాదు. ఒక బుధవారం, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని చక్రధరం గారు అడిగి, జవాబు కోసం ఆగకుండా లేవబోతుంటే, ఉదాహరణ కుర్చీలోంచి చెయ్యి లేచింది.

"బాబూ, ఉండటమంటే ఏటి?"

సొంత అభిప్రాయాలు ఉండకూడదనే నిబంధన ఉంది కానీ, ప్రశ్నలుండకూడదని లేదు. వక్త మొహం వెలిగిపోయింది. యాభై నిమిషాలు చెప్పాడు. పైడమ్మ లెక్కలన్నీ పూర్తిచేసుకుంది.

నూకరత్నం నేర్చుకుంది. "ఏటి" అని అడిగితే యాభై నిమిషాలు. "ఎందుకు" అంటే గంట పైన. "ఇందాకా మీరు సెప్పినదానికీ ఇప్పుడు సెప్పినదానికీ తేడా ఉన్నాది కదా బాబూ" అంటే, అది ఎవరు ఏం మాట్లాడినా సరిపోయే ప్రశ్న, చీకటి పడేదాకా నడుస్తుంది. ముందు వరసలో రిటైరైన ఇద్దరినీ తట్టి లేపి, "ఈయన మాట తవరికి సమ్మతమేనా?" అంటే చాలు, ఆ పూటకి ఇంకేమీ అడగక్కర్లేదు. జవాబులు ఆమె వినదు. ఆ వేళకి పిల్లకి క్యారేజీ విప్పి అన్నం కలిపి పెడుతుంటుంది, గోళ్ళు తీస్తుంటుంది, తలకి నూనె రాస్తుంటుంది. సార్లు కూడా ఆమె వింటోందో లేదో ఎప్పుడూ చూడలేదు.

మూడేళ్ళు గడిచాయి. ఆ బుధవారాలన్నీ కూడితే పైడమ్మకి పన్నెండు రోజుల వయసు పెరిగింది. ఆమెతో అయిదో తరగతి చదివిన అప్పలకొండ కూతురు ఇప్పుడు ఎనిమిదికి వచ్చింది, ఓణీ అడుగుతోంది. వేసవి సెలవుల్లో సెమినార్లుండవు. ఆ రెండు నెలలూ నూకరత్నం ఖాళీ హాలు రోజుకి మూడుసార్లు ఊడుస్తుంది.

ఈ ఏడు తనిఖీ బృందం మళ్ళీ వచ్చింది. సామాన్య స్త్రీలో ఇంతటి జిజ్ఞాస రగిల్చినందుకు విభాగానికి అత్యున్నత శ్రేణి ఇచ్చి, ఇంకో ఆరు ఉదాహరణ పోస్టులు మంజూరు చేసింది. ప్రకటన పడ్డ రోజు గేటు బయట నాలుగు వందలమంది వరసకట్టారు. పనిలో ఏమేమి పోవచ్చో దాలినాయుడు దాచకుండా చదివి వినిపించాడు. వరసలోంచి ఎవరూ కదల్లేదు. ముందున్న ముసలాయన, "ఇన్నేళ్ళూ మా గురించి ఎవులూ ఏటీ అనుకోనేదు కదా బాబూ, ఏదో ఒకటి అనుకోనీయండి" అన్నాడు. దాలినాయుడు అతని పేరు రాసుకున్నాడు.

ఆ సాయంత్రం హాల్లో ఒకాయన కాలం గురించి మాట్లాడుతున్నాడు. పైడమ్మ క్యారేజీ మూత నాకుతూ వేదిక వైపు చూసింది.

"అమ్మా, రోజూ ఈళ్ళు దేని గురించి మాట్లాడతారే?"

"నీ గురించేనే."

"నా పేరెక్కడా అనడం నేదే?"

"అనరు. తల కదపకు, పాపిడి వంకరైపోతాది."

వక్త కాగితాలు సర్దుకున్నాడు. చక్రధరం గారు గొంతు సవరించుకుని, ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నారు. నూకరత్నం ఎడమచేత్తో మూడు పాయలూ గట్టిగా పట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తింది.